ఒకటో తరగతి బిడ్డ, తన పని తాను

తల్లికి వందనం లబ్ధిదారుల సమావేశంలో జిల్లా సమాచార పౌర సంబంధాల అధికారి చేసిన ప్రసంగ పాఠం. ఫోనులో చదువుకోండి. చదవడం రానివాళ్లు ఇంట్లో ఉంటే చదివి వినిపించండి.



పోయిన వారం మన పడమటి మండలాల్లో ఒక బడికి వెళ్లాను. ఒకటో తరగతి. టీచరమ్మ హాజరు తీసుకుంటున్నారు. ఒక పేరు మూడుసార్లు పిలిచారు. ఎవరూ పలకలేదు. ఆ పేరు గల పిల్లోడు ముందు వరసలోనే కూర్చొని, ఎవరిని పిలుస్తున్నారా అని వెనక్కి తిరిగి చూస్తున్నాడు. టీచరమ్మ నవ్వి "ఒరే బుడ్డా" అంటే చటుక్కున లేచి నిలబడ్డాడు. ఇంట్లో పుట్టినప్పటి నుంచి వాడు బుడ్డోడే. ఆధార్ కార్డులో ఉన్న పేరు తనదేనని వాడికి ఎవరూ చెప్పలేదు.

మీరు నవ్వుతున్నారు గానీ, మీలో ఎంతమంది ఇళ్లల్లో బుజ్జి, చిట్టి, పెద్దోడు, చిన్నమ్మి ఉన్నారో చెప్పండి. చూశారా, సగం చేతులు లేచాయి. ఇంటి పేర్లు ముద్దుగా ఉంటాయి, పిలవొద్దని నేను అనను. కానీ ఈ రాత్రి అన్నం పెట్టేటప్పుడు బిడ్డను ఒకసారి బడిలో రాయించిన పూర్తి పేరుతో పిలవండి. తన పేరు, అమ్మ పేరు, నాన్న పేరు, ఊరి పేరు తను చెప్పగలగాలి. ఒకటో తరగతిలో నేర్చుకునే మొదటి పాఠం అదే. ఏ పుస్తకంలోనూ ఉండదు.

నన్ను ఇక్కడికి పిలిచింది పథకం గురించి చెప్పమని. ముందు అది చెప్పేస్తాను, ఎందుకంటే డబ్బుల సంగతి తేలేదాకా మీరు వేరే మాట వినరని నాకు తెలుసు. తల్లికి వందనం కింద ఒక్కో బిడ్డకు ఏడాదికి 15,000 రూపాయలు. ఇంట్లో చదువుకునే పిల్లలు ఎంతమంది ఉంటే అంతమందికీ. అందులో 13,000 తల్లి ఖాతాలో పడుతుంది. మిగతా 2,000 మీ బిడ్డ చదివే బడి నిర్వహణకు, మరుగుదొడ్ల శుభ్రతకు పోతుంది. "సారూ, మాకు రెండు వేలు తక్కువ పడినాయి" అని ఫోన్లు వస్తూనే ఉంటాయి. (నేను సారును కాదు, మేడమ్‌ను. ఫోనులో గొంతు అలా ఉంటుందేమో.) తక్కువ పడలేదమ్మా. ఆ రెండు వేలు ఎక్కడికి పోతోందో కాసేపట్లో చెబుతాను, అది మీకు పనికొచ్చే సంగతి.

డబ్బు పడాలంటే తల్లి బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం అయి ఉండాలి. బిడ్డ హాజరు 75 శాతం ఉండాలి. ఇంకో చిన్న పని కూడా ఉంది. అయిదేళ్లు నిండిన బిడ్డకు ఆధార్‌లో వేలిముద్రలు, కంటిపాప, కొత్త ఫొటో వేయించాలి. ఏడేళ్లలోపు చేయిస్తే రుసుము ఏమీ లేదు. ఒకటో తరగతి బిడ్డకు సరిగ్గా ఇదే సమయం. మిగతా అర్హతలు, ఆదాయం, భూమి, కరెంటు యూనిట్లు, వీటి గురించి మీ సచివాలయంలో సంక్షేమ, విద్యా సహాయకుడిని అడగండి. ఒక్కో ఇంటి లెక్క ఒక్కో రకంగా ఉంటుంది, మైకులో తేలేది కాదు.

ఇప్పుడు అసలు మాట. 75 శాతం.

ప్రాథమిక బడికి ఏడాదిలో కనీసం 200 పనిదినాలు ఉండాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. ఆ లెక్కన చూసినా 75 శాతం అంటే 150 రోజులు. మిగిలింది 50 రోజులు. జ్వరం, పెళ్లి, జాతర, వాన, అన్నీ కలిపి ఆ యాభైలోనే. మన వైపు సంగతి మీకు నేను చెప్పాలా? పత్తి తీతకు కొందరు, సంక్రాంతి దాటితే మిరప కోతకు ఇంకొందరు, గుంటూరు, పల్నాడు వైపు బండి ఎక్కుతారు. ఉగాదికి గానీ తిరిగి రారు. ఒక్క మిరప కోతకే బిడ్డను వెంట తీసుకుపోతే ఆ 50 రోజులు దాటిపోతాయి. తక్కిన ఏడాది ఒక్క నాగా లేకుండా బడికి పోయినా హాజరు చాలదు.

డబ్బు సంగతి పక్కన పెట్టండి. ఒకటో తరగతిలో జనవరి, ఫిబ్రవరి అంటే బిడ్డకు అక్షరాలు కలిసి మాటలయ్యే సమయం. జూన్‌లో బొమ్మ చూసి చెప్పిన బిడ్డ, దసరాకు అక్షరం గుర్తుపట్టిన బిడ్డ, సంక్రాంతి తర్వాత "ఇది మా ఊరి పేరు" అని బస్సు బోర్డు చదువుతుంది. సరిగ్గా అప్పుడు బండి ఎక్కించి మిరప చేలోకి తీసుకుపోతే ఏమవుతుందో, ఒక బడిలో టీచరమ్మ చెప్పిన మాట నాకు బాగా గుర్తుంది. "డిసెంబరులో తన పేరు రాసిన పిల్లోడు, ఏప్రిల్‌లో పలక పట్టుకొని నా మొహం చూశాడు మేడమ్" అన్నారు. వాడి అమ్మ తప్పు ఏమీ లేదు. ఇంట్లో అవ్వ ఉంది, కానీ అవ్వకు కంట్లో శుక్లాలు. పిల్లోడికి నీళ్లు పోసి, చొక్కా వేసి, గుండీలు పెట్టి, అన్నం కలిపి తినిపించి బడికి పంపడం ఆమె వల్ల కాలేదు. అందుకే తల్లి వెంట తీసుకుపోయింది.

నేను ఈరోజు చెప్పదలచుకున్నది ఆ గుండీల గురించే. ఆరేళ్ల బిడ్డ తన గుండీలు తను పెట్టుకుంటే, తన చెంబు నీళ్లు తను పోసుకుంటే, తన కంచంలో అన్నం తను కలుపుకుంటే, ఆ అవ్వ దగ్గర వాడిని వదిలి వెళ్లొచ్చు. అవ్వ చేయాల్సింది వాకిట్లో కూర్చొని, బడి గంట విని, "పో నాయనా" అనడమే. ఈ సంగతి తట్టేదాకా, పిల్లలు తమ పని తాము చేసుకోవడం అంటే పట్నం వాళ్ల పుస్తకాల్లో రాసే ముచ్చట అనుకునేదాన్ని నేను.

ఇప్పుడు ఆగస్టు. బండి కదలడానికి ఇంకా మూడు నాలుగు నెలలుంది. ఆ పిల్లోడికి కావలసినంత సమయం అది.

నా ఇంటి సంగతి కూడా చెప్పేస్తాను, లేకపోతే మీకు నీతులు చెప్పి పోయినట్టు ఉంటుంది. మా పాప ఒకటో తరగతిలో ఉన్నప్పుడు పొద్దున ఏడున్నరకు మా ఇంట్లో యుద్ధం. నాకు ఎనిమిదికి కలెక్టరేట్‌లో పని. పాప బూటు తను వేసుకుంటానని కూర్చుంటుంది, కుడిది ఎడమకు, ఎడమది కుడికి. నాకు ఓపిక లేదు. లాక్కొని నేనే వేసేసేదాన్ని. జడ నేనే, బ్యాగు నేనే సర్దేదాన్ని. చివరికి హోంవర్కు కూడా. జర్నలిజం చదివినదాన్ని, రాయడం నా ఉద్యోగం, చేయి ఊరుకోదు కదా. ఒకరోజు వాళ్ల టీచరు నోటుబుక్కు తెరిచి పెట్టి, "ఈ 'క' మీదా, పాపదా?" అని అడిగారు. నేను తలవంచుకున్నాను. ఆమె ఇంకో మాట అన్నారు. "పాప బడిలో ఏ పని మొదలుపెట్టినా ఆగి నా వైపు చూస్తుంది. ఎవరో వచ్చి చేసిపెడతారని చూస్తున్నట్టు ఉంటుంది." ఆ మాట నాకు చాలా రోజులు గుచ్చుకుంది.

మర్నాటి నుంచి అరగంట ముందు లేపడం మొదలుపెట్టాను. అంతకు మించి నేను చేసిందేమీ లేదు. బూటు తప్పుగా వేసుకుంటే అలాగే వాకిలి దాకా నడవనిచ్చాను. కాలు నొప్పి పుట్టి తనే విప్పి మార్చుకుంది. రెండు వారాల్లో కుదిరింది. జడ మాత్రం ఇప్పటికీ నేనే వేస్తాను.

బడిలో ఏం జరుగుతుందో కొంచెం చెబుతాను. చాలామంది తల్లుల ఫిర్యాదు ఒకటుంది. "ఒకటో తరగతిలో చేర్చి రెండు నెలలైంది, ఇంకా పాటలు, బొమ్మలు, మట్టి ముద్దలే. రాయించడం లేదు. పక్క ప్రైవేటు బడిలో అప్పుడే ఏబీసీడీలు పేజీలు పేజీలు రాస్తున్నారు." ఈ ఆటలకు ఒక లెక్క ఉందమ్మా. ఒకటో తరగతిలో చేరిన పిల్లలకు మొదటి మూడు నెలలు ఆటపాటలతో బడికి అలవాటు చేయాలని 2021లో జాతీయ స్థాయిలో విద్యాప్రవేశ్ అనే కార్యక్రమం తెచ్చారు. మూడో తరగతి ముగిసేసరికి ప్రతి బిడ్డ అర్థం చేసుకొని చదవాలి, చిన్న లెక్కలు చేయాలి అన్న నిపుణ్ భారత్ కూడా అదే ఏడాది మొదలైంది. మూడేళ్ల నడకకు ఈ మూడు నెలలు తొలి అడుగు.

మట్టి ముద్ద నలిపితే ఏమొస్తుందంటారా? మీ బిడ్డ పెన్సిలు పట్టుకున్న తీరు చూడండి. పిడికిలితో పట్టుకుంటుంది, పొడవబోతున్నట్టు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిసి పనిచేయాలంటే వాటిలో బలం రావాలి. చపాతీ పిండి నలపడం, కాగితం చింపడం, చింతపిక్కలు ఏరడం, ముగ్గుపిండి చిటికెతో వదలడం, పూసలు గుచ్చడం, అన్నీ ఆ మూడు వేళ్ల పనే. మన అక్షరాలు చూడండి, అన్నీ గుండ్రాలే, సున్నాలే, తలకట్లే. వేలు తిరగకుండా 'ఱ' గానీ 'ఖ' గానీ ఎలా వస్తుంది? అందుకే టీచరమ్మ ఇసుకలో, గాలిలో, పలక మీద గుండ్రాలు గీయిస్తుంది. మీరు ఇంట్లో బిడ్డ చేయి మీద మీ చేయి పెట్టి దిద్దిస్తే అక్షరం అందంగానే వస్తుంది. కానీ అది మీ అక్షరం. నాకు తెలుసు, నేనూ అదే చేశాను.

లెక్కలూ అంతే. "మావాడికి వంద దాకా వచ్చు మేడమ్" అని ఒక నాన్న గొప్పగా చెప్పారు. పిల్లోడు నిజంగానే గడగడా చెప్పాడు. జేబులోంచి వేరుశనక్కాయలు తీసి ముందు పోసి, "ఏడు కాయలు నాకు ఇయ్యి" అన్నాను. దోసిలి నిండా ఇచ్చాడు, పాపం. వల్లించడం వేరు, ఏడు అంటే ఎన్నో చేతికి తెలియడం వేరు. ఇంట్లో ఇది నేర్పడానికి పుస్తకం అక్కర్లేదు. "నాలుగు ఉల్లిగడ్డలు తేపో." "మనం అయిదుగురం, అయిదు కంచాలు పెట్టు." "అవ్వకు రెండు రొట్టెలు, నాన్నకు మూడు." తప్పు తెస్తే మీరు లేచి తేవద్దు. "ఇంకోసారి లెక్కపెట్టు" అనండి చాలు.

భాష గురించి కూడా చాలామంది భయపడుతున్నారు. "ఇంగ్లీషు మీడియం అంటున్నారు, మాకు రాదు, బిడ్డకు ఏం చెప్పాలి?" అని. పుస్తకం తెరిచి చూడండి, ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. రెండూ ఒకే పాఠం. మీరు చేయాల్సింది ఇంట్లో మీ భాషలో మాట్లాడటమే. ఆదోని, కౌతాళం వైపు కన్నడం మాట్లాడే ఇళ్లున్నాయి, ఉర్దూ మాట్లాడే ఇళ్లున్నాయి. ఏ భాషైనా సరే. బడి నుంచి రాగానే "ఏం రాశావు, చూపించు" అనే బదులు "ఈ పొద్దు ఏం జరిగింది, చెప్పు" అనండి. మొదట్లో "ఏం లేదు" అంటారు. అన్నంలో గుడ్డు ఉందా, పక్కన ఎవరు కూర్చున్నారు, ఎవరు కింద పడ్డారు, అని చిన్నచిన్నవి అడగండి. జరిగింది జరిగినట్టు వరసగా చెప్పగలిగిన బిడ్డకు, రేపు కథ చదివితే అర్థమవుతుంది.

గుడ్డు అన్నాను కాబట్టి మధ్యాహ్న భోజనం దగ్గరికి వద్దాం. డొక్కా సీతమ్మ గారి పేరు మీద నడిచే బడి భోజనం ఇది. కోనసీమలో ఆకలితో వచ్చిన వాళ్లందరికీ అన్నం పెట్టిన తల్లి ఆమె. సన్నబియ్యం అన్నం, గుడ్డు, చిక్కీ, రాగిజావ, అన్నీ వస్తున్నాయి. కానీ ఒకటో తరగతి వరసలో కూర్చొని చూడండి ఒకసారి. గుడ్డు పెంకు తీయడం రాక చేతిలో పట్టుకొని కూర్చునే పిల్లలు కొందరు. పెంకుతో పాటు సగం గుడ్డు పారేసేవాళ్లు కొందరు. వేడి అన్నంలో చేయి పెట్టలేక, కలపడం రాక, ఉత్త అన్నం నాలుగు మెతుకులు తిని లేచేవాళ్లు ఇంకొందరు. వంట చేసే అమ్మలు ఇద్దరు, పిల్లలు నలభై యాభై. ఎంతమందికి కలిపి పెడతారు? బిడ్డ సాయంత్రం ఇంటికొచ్చి ఆకలి అంటే "బడిలో సరిగా పెట్టలేదు" అని మనం అనుకుంటాం. పెట్టారమ్మా, తినడం రాలేదు. ఆదివారం పూట ఇంట్లో ఒక గుడ్డు ఉడకబెట్టి బిడ్డ చేతికి ఇవ్వండి. నేలకు కొట్టడం, నెమ్మదిగా పెంకు ఒలవడం చూపించండి. మొదటి గుడ్డు పాడవుతుంది. పోతే పోనీ.

ఇప్పుడు ఆ 2,000 రూపాయల సంగతి. ఇది కొంచెం చెప్పడానికి మొహమాటంగా ఉంటుంది, అయినా చెబుతాను. ఒకటో తరగతి పిల్లలు బడిలో పొద్దున నుంచి సాయంత్రం దాకా ఒంటికి పోకుండా బిగబట్టుకొని కూర్చుంటున్నారు. కొందరికి టీచరును అడగాలంటే భయం. కొందరికి నిక్కరు హుక్కు విప్పడం రాదు, పాపలకు నాడా ముడి పడితే విప్పుకోవడం రాదు. కొన్ని చోట్ల మరుగుదొడ్డి గడియ పెద్దపిల్లల ఎత్తులో ఉంటుంది, ఆరేళ్ల బిడ్డకు అందదు. లోపల నీళ్లు ఉంటే మగ్గు ఉండదు. బట్టల్లో పోసుకున్న బిడ్డ మర్నాడు బడికి రానంటుంది. ఇంట్లో ఎందుకో చెప్పదు. కడుపునొప్పి అంటుంది. మనం నమ్ముతాం. హాజరు అలా కూడా పోతుంది.

కాబట్టి రెండు పనులు. ఇంటి దగ్గర, హుక్కు కష్టమైతే ఎలాస్టిక్ వేయించండి. విద్యార్థి మిత్ర కిట్టులో ఇచ్చిన యూనిఫాం కుట్టించేటప్పుడే దర్జీకి చెప్పండి. "టీచర్, బాత్రూమ్‌కు పోవాల" అని గట్టిగా అడగడం ఇంట్లోనే రెండుసార్లు అనిపించండి. కడుక్కోవడం, చేతులు సబ్బుతో రుద్దుకోవడం నేర్పండి. బడి దగ్గర, మీరు వెళ్లి చూడండి. ఆ 2,000 మీ బిడ్డ పేరు మీద వచ్చిన డబ్బే. గడియ అందుతుందా, నీళ్లు వస్తున్నాయా, మగ్గు ఉందా అని అడిగే హక్కు మీకుంది. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి అని చట్టం. సమావేశానికి సంతకం పెట్టడానికి మాత్రమే పోకండి. గడియ కిందికి దించమని అక్కడ అడగండి. దాని ఖర్చు ఎంతో మీకు తెలుసు.

ఒక మాట అవ్వలతో. మీరు బిడ్డ బ్యాగు మోసుకొని బడి గేటు దాకా వస్తారు. లోపలికి వచ్చి కిటికీ దగ్గర నిలబడతారు. మీ ప్రేమ నాకు అర్థమవుతుంది. కానీ మీరు కిటికీ దగ్గర ఉన్నంతసేపు బిడ్డ కళ్లు పలక మీద ఉండవు. గేటు దగ్గర బ్యాగు వాడి వీపుకు తగిలించి, గంట కొట్టాక వస్తానని చెప్పి తిరిగిపోండి. చెప్పకుండా మాయం కావొద్దు, చెప్పి పోండి. అన్న మాట ప్రకారం గంటకు వచ్చి నిలబడండి. నాలుగు రోజులు ఏడుస్తారు. ఆ తర్వాత మిమ్మల్ని గేటు దగ్గరే ఆపి "నువ్వు పో అవ్వా" అంటారు. అప్పుడు మీకే కొంచెం బాధ అనిపిస్తుంది.

నాన్నలకు ఒకటి. బిడ్డ నెమ్మదిగా చేస్తోందని, తప్పు రాసిందని చెయ్యి చేసుకోవద్దు. బడిలో కొట్టడం, అవమానించడం చట్టం ప్రకారమే నిషేధం. బడి కోసం చేసిన ఆ చట్టం ఇంటికి వర్తించదు కాబట్టి నేను అడుగుతున్నాను. దెబ్బకు భయపడిన బిడ్డ తప్పు చేయకుండా ఉండటానికి అసలు ఏ పనీ మొదలుపెట్టదు.

వలస పోక తప్పని ఇళ్లకు చివరిగా. ఒకటి, అవ్వాతాత దగ్గర ఉంచే వీలుంటే ఇప్పటి నుంచే వారంలో ఒకరోజు అమ్మ పక్కకు తప్పుకొని, అవ్వ, బిడ్డ ఇద్దరే పొద్దున పని కానిచ్చుకునేటట్టు అలవాటు చేయండి. డిసెంబరుకు రోజూ అలాగే కావాలి. రెండు, వలస ఎక్కువున్న గ్రామాల్లో సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు నడుపుతారు. మీ ఊళ్లో ఈ ఏడాది ఉంటుందా, ఒకటో తరగతి బిడ్డను చేర్చుకుంటారా అని హెడ్మాస్టరును నవంబరులోపే అడగండి. అడిగిన ఇళ్లు ఎక్కువుంటేనే అధికారులకు అవసరం కనబడుతుంది. మూడు, వెంట తీసుకుపోక తప్పదంటే, పోయే ముందు హెడ్మాస్టరుకు చెప్పి కాగితం రాయించుకోండి. అక్కడ చేనుకు దగ్గర్లో ఉన్న సర్కారు బడిలో బిడ్డను కూర్చోబెట్టండి. టీసీ ఆలస్యమైందని గానీ, వయసు పత్రం లేదని గానీ చేర్చుకోకుండా ఉండటానికి వీల్లేదు. కొత్త బడిలో పేరు పిలిస్తే పలకడం, ఒంటికి పోవాలని అడగడం, కంచం కడుక్కోవడం వచ్చిన బిడ్డ రెండు రోజుల్లో కుదురుకుంటుంది. రాని బిడ్డ మర్నాడే మీ వెంట మిరప చేలోకి వస్తానంటుంది.

ఈ పాఠం మీ ఫోన్లకు పంపిస్తున్నాం. ఖాతా, ఆధార్ గురించి సచివాలయం సిబ్బంది ఈ పక్క బల్ల దగ్గర ఉన్నారు, కాగితాలు తెచ్చినవాళ్లు అటు వెళ్లండి. బడి సంగతులు అడగదలచుకున్నవాళ్లు ఇక్కడే ఉండండి, నాకు తెలియనివి టీచరమ్మలు చెబుతారు. వెనక వరసలో అవ్వ చాలాసేపటి నుంచి చేయి ఎత్తుకొని ఉంది. మైకు ఆమెకు ఇవ్వండి. అడగండవ్వా.